కారం మనది, కొలత ఎవరిది?

గుంటూరు మిర్చి యార్డులో గానీ, ఖమ్మం, వరంగల్ ఏనుమాముల మార్కెట్లలో గానీ టిక్కీల పక్కన నిలబడిన రైతుకు ఈ దృశ్యం కొత్త కాదు. కొనుగోలుదారు వస్తాడు. గోతంలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు మచ్చు తీస్తాడు. రంగు చూస్తాడు, ఒక కాయ విరిచి గింజ చూస్తాడు, చేతిలో నలిపి తేమ అంచనా వేస్తాడు. ఒక ధర చెప్పి పక్క లాటుకు వెళ్లిపోతాడు. నారు పోసిన రోజు నుంచి కల్లంలో ఎండబెట్టిన రోజు దాకా పడ్డ కష్టం విలువ అర నిమిషంలో తేలిపోతుంది. ఎందుకంత తక్కువ అని అడిగితే ‘కాయలో రంగు లేదు’, ‘తేమ ఉంది’ అనే జవాబు తప్ప మరొకటి రాదు.

అదే కాయ ఫ్యాక్టరీ గేటు దాటాక కంటిచూపును ఎవరూ నమ్మరు. అక్కడ రంగుకు ఒక అంకె ఉంటుంది, కారానికి ఒక అంకె ఉంటుంది. ఆ అంకెల మీదే కొనుగోళ్లు, అమ్మకాలు, ఎగుమతి ఒప్పందాలు జరుగుతాయి. మన కాయ విలువను తేల్చే ఆ అంకెలు మనకు తప్ప అందరికీ తెలుసు. ఆహార పరిశ్రమలో వచ్చిన కొత్త కనిపెట్టుబళ్లు రైతుకు ఏం ఇచ్చాయి, ఏం తీసుకున్నాయి అనే చర్చను మనం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో తెలుసుకుందాం. ఎండు మిరపకాయను పొడి చేసి, గుళికలుగా ఒత్తి, హెక్సేన్, అసిటోన్ వంటి ద్రావకాల్లో నానబెడతారు. కాయలోని రంగు, కారం ఆ ద్రావకంలోకి దిగుతాయి. తర్వాత ద్రావకాన్ని ఆవిరి చేసి వెనక్కు తీసుకుంటారు. మిగిలేది చిక్కటి ఎర్రటి తైలం. దాన్నే ఓలియోరెసిన్ అంటారు. పది కిలోలకు పైగా ఎండు మిరపను పిండితే ఒక కిలో వస్తుంది. అందులో రంగును ఒక వైపు, కారాన్ని మరో వైపు వేరు చేసే పద్ధతులు కూడా వచ్చాయి. రంగు సాసులకు, మాంసం ఉత్పత్తులకు, చిరుతిళ్లకు పోతుంది. ఐరోపాలో దానికి ఆహార రంగుగా ఇ160సి అనే గుర్తింపు ఉంది. కారం నొప్పి నివారణ లేపనాల దాకా పోతుంది.

చిప్స్ ప్యాకెట్‌లో అంటుకుని ఉండే ఎర్రటి పొడి కథ కూడా ఇదే. తైలాన్ని మొక్కజొన్న పిండి నుంచి తీసిన మాల్టోడెక్స్‌ట్రిన్‌తోనో, తుమ్మ జాతి చెట్ల బంకతోనో కలిపి, వేడిగాలిలోకి సన్నటి తుంపరగా చిమ్ముతారు. తుంపర గాలిలోనే ఎండి పొడిగా రాలుతుంది. ప్రతి రేణువు మీద ఒక పొర ఏర్పడి లోపలి వాసనను నెలల తరబడి కాపాడుతుంది. వేయించిన చిప్స్‌ను తిరిగే పీపాలో వేసి, ఈ పొడిని పైన చల్లుతారు. బంగాళదుంప రైతు, మొక్కజొన్న రైతు, మిరప రైతు ముగ్గురూ ఆ చిన్న ప్యాకెట్‌లో కలుస్తారు. ప్యాకెట్ మీద మాత్రం ముగ్గురిలో ఎవరి పేరూ ఉండదు.

కారాన్ని కొలవడం 1912లో మొదలైంది. అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఔషధ శాస్త్రవేత్త మిరప సారాన్ని చక్కెర నీళ్లలో కలిపి, నాలుకకు మంట తెలియనంత వరకు పలచన చేస్తూ పోయాడు. ఎన్ని రెట్లు పలచన చేస్తే మంట పోయిందో అదే ఆ కాయ కారం లెక్క. ఇప్పుడు నాలుకలు అక్కర్లేదు, క్రొమటోగ్రఫీ యంత్రం నేరుగా చెబుతుంది. లెక్క పేరు మాత్రం స్కోవిల్ యూనిట్లుగానే నిలిచిపోయింది. మన గుంటూరు సన్నం కారం 35 వేల నుంచి 40 వేల యూనిట్లు ఉంటుంది. తేజ దానికంటే చాలా ఎక్కువ. కర్ణాటక బ్యాడిగిలో కారం తక్కువ, రంగు ఎక్కువ. రంగును అమెరికా మసాలా వర్తకుల సంఘం పేరు మీద ఉన్న ‘ఆస్టా’ యూనిట్లలో కొలుస్తారు. ఈ రెండు అంకెలు తెలిస్తే ఏ కాయ ఏ పనికి వస్తుందో, దాని అసలు విలువ ఎంతో తేలుతుంది.

మేము కనిపెట్టుబళ్లకు వ్యతిరేకం కాదు. తైలం తీయడం వల్ల మిరపకు కొత్త గిరాకీ వచ్చింది. కేరళలో కొచ్చి చుట్టుపక్కల ఈ పరిశ్రమ పెరిగింది. నేడు ప్రపంచ మార్కెట్‌కు వెళ్లే మసాలా తైలాల్లో పెద్ద భాగం మన దేశానిదే. దీని వెనుక ప్రజాధనం కూడా ఉంది. 1950లో మైసూరులో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ మసాలా తైలాల పద్ధతుల మీద దశాబ్దాలుగా పనిచేసింది. కాబట్టి ఈ విజ్ఞానం ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. దాని లాభంలో రైతు వాటా ఎక్కడ అన్నదే మన ప్రశ్న.

ఒక చిన్న లెక్క వేద్దాం. క్వింటా మిర్చి ధర 12 వేల రూపాయలు అనుకుందాం. అంటే కిలో 120, గ్రాము 12 పైసలు. పది రూపాయల చిప్స్ ప్యాకెట్‌లో ఒక గ్రాము మిరప పడిందనుకున్నా రైతుకు చేరేది 12 పైసలు. రైతుకు క్వింటాకు 24 వేలు ఇచ్చినా ప్యాకెట్ మీద పెరిగే ఖర్చు మరో 12 పైసలే. రైతుకు మంచి ధర ఇస్తే వినియోగదారు మీద భారం పడుతుందని చెప్పేవాళ్లకు ఈ లెక్క చూపించాలి.

మరి ధర ఎందుకు పెరగదు? ఈ కనిపెట్టుబళ్లే కొనేవాడి చేతికి బలం ఇచ్చాయి గనుక. కాయగా ఉన్న మిరప తేమకు బూజు పడుతుంది, ఎండకు, వెలుతురుకు రంగు పోతుంది. తైలంగా మారితే డ్రమ్ముల్లో నిల్వ ఉంటుంది. కంపెనీ ఒక సీజన్ ఆగగలదు, రైతు ఒక నెల ఆగలేడు. పురుగుమందుల కొట్టు బాకీ, కోత కూలీల డబ్బులు, కౌలు, కోల్డ్ స్టోరేజీ అద్దె అతన్ని యార్డుకు తోస్తాయి. పైగా కంపెనీకి కావాల్సింది అంకె. ఆ అంకె గుంటూరు నుంచి వచ్చినా, మధ్యప్రదేశ్ నుంచి వచ్చినా, చైనా నుంచి వచ్చినా ఒకటే. మన పంట ఊరి పేరున్న సరుకుగా కాక, పేరు లేని ముడిసరుకుగా మారుతోంది.

దీని చివరి మెట్టు ఏమిటో చరిత్ర చెబుతోంది. 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెనిల్లా గింజలో ఉండే వాసన పదార్థాన్ని దేవదారు జాతి చెట్ల రసం నుంచి తయారుచేశారు. ఇప్పుడు ప్రపంచంలో వాడే వెనిలిన్‌లో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు తోట నుంచి వచ్చేది కాదు. మడగాస్కర్ రైతు చేత్తో పువ్వు పువ్వుకూ పరాగం అద్ది పండించే కాయ మిగిలిన ఆ కొద్ది భాగం కోసమే. 1897లో జర్మనీ ఫ్యాక్టరీ నీలిమందు మార్కెట్‌లోకి వచ్చాక మన దేశంలో నీలి సాగు కొన్నేళ్లలోనే కూలిపోయింది. మిరప కారాన్నిచ్చే కాప్సైసిన్‌ను 1930లోనే ప్రయోగశాలలో తయారుచేశారు. దాని తోబుట్టువు లాంటి నోనివమైడ్ అనే పదార్థాన్ని ఇప్పటికే ఫ్యాక్టరీలో తయారుచేసి కారం కోసం వాడుతున్నారు. మిరప చేను రేపే మాయమవుతుందని మేము అనడం లేదు. రుచికి, వాసనకు కూడా పోటీ సరుకు పుట్టగలదని గుర్తుంచుకోవాలి. ప్యాకెట్ మీద మిరపకాయ బొమ్మ వేసినప్పుడు లోపల ఎంత మిరప ఉందో స్పష్టంగా రాయాలని అడగడం అందుకే.

కల్తీ చేసేది ఒకడు, నష్టపోయేది ఒకడు అన్న పాఠం కూడా మనకు కొత్త కాదు. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి వెళ్లిన కారప్పొడి ఉత్పత్తుల్లో సూడాన్-1 అనే రంగు బయటపడింది. అది బట్టలకు, నూనెలకు, మైనానికి వేసే రసాయన రంగు. తిండిలో నిషిద్ధం. 2005లో అదే రంగు బ్రిటన్‌లో ఒక సాసులో దొరికి, ఆ సాసు వాడిన నాలుగు వందలకు పైగా ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కు తీసుకున్నారు. చేలో మిరప కోసిన రైతు సూడాన్ రంగు కలపలేదు. అది పొడి కొట్టే దశలో జరిగిన మోసం. కానీ ఆ తర్వాత వచ్చిన పరీక్షల భారం, అనుమానం మొత్తం పంట మీద పడ్డాయి. రంగుకు ధర ఉందని తెలిసి, ఆ రంగు పండించినవాడికి ఆ ధర ఇవ్వని చోట కల్తీ పుడుతుంది.

మన వైపు లోపాన్ని కూడా దాచుకోకూడదు. నేల మీద ఆరబోసిన కాయ మంచుకు, వానకు తడిసి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఐరోపా దేశాలు మసాలాల్లో అఫ్లాటాక్సిన్ బి1ను వంద కోట్ల పాళ్లలో 5 పాళ్లకు మించి ఒప్పుకోవు. 2021-22లో నల్ల తామర పురుగు రెండు రాష్ట్రాల్లో మిరప చేలను తుడిచిపెట్టాక దొరికిన మందల్లా కొట్టాం. కొట్టులో చెప్పినట్టల్లా కలిపి కొట్టాం. ఆ అవశేషాలు కాయలో మిగిలితే ఎగుమతి ఆగుతుంది, ఆ వంకతో ధర తగ్గుతుంది. అయితే ఆ రోజుల్లో రైతు పక్కన నిలబడి ఏది కొట్టాలో, ఎంత కొట్టాలో చెప్పిన వ్యవసాయ అధికారులు ఎన్ని ఊళ్లలో ఉన్నారు? టార్పాలిన్లు, సోలార్ డ్రయ్యర్లు ఎంతమందికి అందాయి? నాణ్యత రైతు బాధ్యతే, కానీ రైతు ఒక్కడి బాధ్యత కాదు.

2025 ఫిబ్రవరిని ఒకసారి గుర్తుచేసుకుందాం. అంతకు ముందు 20 వేలు దాటిన మిర్చి ధర సగానికి పడిపోయింది. రైతులు రోడ్డెక్కారు. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు క్వింటాకు 11,781 రూపాయల ధర, 2.91 లక్షల టన్నుల పరిమితి ప్రకటించింది. కాయలు కోసి యార్డుకు చేరుతున్న రోజుల్లో ప్రకటన వచ్చింది. కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మిరప లేదు. ధర పడ్డ ప్రతిసారీ రైతు రోడ్డెక్కాలి, ప్రభుత్వం ఒక పథకం వెతకాలి, ఈలోగా చిన్న రైతు, కౌలు రైతు సరుకు అమ్మేసి ఉండాలి. ఇది పద్ధతి కాదు.

పేటెంట్ల సంగతీ మరవకూడదు. 1995లో పసుపు పుండును మాన్పుతుందన్న ‘కనిపెట్టుబడి’కి అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చారు. మన ఇళ్లలో ప్రతి అమ్మమ్మకూ తెలిసిన వైద్యం అది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాల ఆధారాలతో పోరాడితే 1997లో ఆ పేటెంట్ రద్దయింది. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3 సంప్రదాయ విజ్ఞానానికి, ఊరికే రెండు పదార్థాలు కలిపినదానికి, వ్యవసాయ పద్ధతికి పేటెంట్ ఇవ్వకూడదంటోంది. ఆ సెక్షన్‌ను వాణిజ్య ఒప్పందాల పేరుతో బలహీనపరచకుండా కాపలా కాయాల్సింది మనమే.

విత్తనం దగ్గర పోరు ఇంకా దగ్గరగా వచ్చింది. చిప్స్ కోసం తయారుచేసిన ఎఫ్‌ఎల్ 2027 అనే బంగాళదుంప రకాన్ని అనుమతి లేకుండా పండించారంటూ 2019లో పెప్సికో గుజరాత్ రైతుల మీద కేసులు వేసింది. నలుగురు చిన్న రైతుల నుంచి ఒక్కొక్కరికి కోటి అయిదు లక్షల చొప్పున పరిహారం అడిగింది. దేశమంతా రైతు సంఘాలు కదిలాయి. మే నెలలో కంపెనీ కేసులు వెనక్కు తీసుకుంది. 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషన్‌ను మొక్కల రకాల, రైతు హక్కుల ప్రాధికార సంస్థ రద్దు చేసింది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం రద్దును సమర్థించింది. 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టింది. కోర్టులో గాలి ఎటు వీచినా 2001 చట్టం సెక్షన్ 39 మాత్రం అలాగే ఉంది. బ్రాండ్ ముద్ర వేసి అమ్మనంత వరకు, విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు రైతుకు ఉంది. కంపెనీతో ఒప్పంద సేద్యం చేసే ప్రతి రైతూ ఈ సెక్షన్ నంబరు గుర్తుంచుకోవాలి.

ఇన్ని చెప్పాక, కనిపెట్టుబడి రైతు చేతిలో ఉంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1946లో గుజరాత్ ఖేడా జిల్లాలో పాల రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. చలికాలంలో పాలు ఎక్కువై కొనేవాడు లేక నష్టపోయేవాళ్లు. గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారు. ఆ సంఘంలో పనిచేసిన హరిచంద్ మేఘా దలాయా అనే ఇంజనీరు కుదురుతుందని చేసి చూపించాడు. 1955లో ఆనంద్‌లో ఫ్యాక్టరీ ప్రారంభమైంది. పాలను తుంపరగా చిమ్మి వేడిగాలిలో ఎండబెట్టే పద్ధతే అది. ఇవాళ చిప్స్ మసాలాకు వాడేదీ అలాంటి పద్ధతే. యంత్రం ఒకలాంటిదే, యజమాని వేరు. అక్కడ యజమాని రైతు గనుక మిగులు పాలు భారం కాకుండా ఆస్తి అయ్యాయి. అమూల్ నేర్పిన పాఠం ఇదే.

మిరపలో ఇది రేపే జరిగిపోతుందని మేము అనడం లేదు. ద్రావకాలతో తైలం తీసే ఫ్యాక్టరీ పెద్ద పెట్టుబడి, అగ్ని ప్రమాదం ఉన్న వ్యవహారం. ఊళ్లో షెడ్డు వేసి చేసే పని కాదు. కానీ మెట్లు ఉన్నాయి. తొడిమలు తీయడం, తాలు ఏరడం, గ్రేడింగు, శుభ్రంగా ఆరబెట్టడం, పొడి కొట్టడం రైతు ఉత్పత్తిదారుల సంఘాలు చేయగలవు. ఇవాళ తొడిమలు తీసే పనిలో నెమ్ములో, ఘాటులో కూర్చుని చేతులు మండించుకునే ఆడకూలీలకు కూడా అందులో న్యాయమైన కూలి, చేతికి తొడుగులు, ముఖానికి రక్షణ ఉండాలి. తైలం తీసే పనిని సంఘాల సమాఖ్య, ప్రభుత్వ వాటాతో చేపట్టాలి. గుంటూరు దగ్గర యడ్లపాడు మండలంలో స్పైసెస్ పార్కు ఉంది. అందులో రైతు సంఘాలకు చోటు ఎంత దక్కిందో ప్రభుత్వం చెప్పాలి.

మా డిమాండ్లు ఇవి. ప్రతి పెద్ద మిర్చి యార్డులో రంగు, కారం, తేమ, అఫ్లాటాక్సిన్ పరీక్షించే ప్రయోగశాల పెట్టాలి. పరీక్ష ఉచితంగా చేయాలి, చీటీ రైతు చేతికి ఇవ్వాలి, పాట ఆ చీటీ మీద జరగాలి. మిరపకు సమగ్ర ఉత్పత్తి ఖర్చుకు యాభై శాతం కలిపి చట్టబద్ధమైన కనీస ధర ఇవ్వాలి. అప్పటిదాకా జోక్య పథకాన్ని కోతలకు ముందే ప్రకటించి, కౌలు రైతుకు నేరుగా వర్తింపజేయాలి. ఒప్పంద సేద్యంలో ధర, పరీక్ష పద్ధతి, సరుకు తిరస్కరణకు కారణాలు తెలుగులో రాసి ఇవ్వాలి. మిరప బొమ్మ వేసి అమ్మే ప్రతి ప్యాకెట్ మీద అసలు మిరప ఎంతో, తయారుచేసిన రుచి ఎంతో వేరువేరుగా రాయాలి.

ప్రభుత్వం చేసేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఈ సీజన్‌లో ప్రతి గ్రామ శాఖ కనీసం అయిదుగురు రైతుల కాయలు మచ్చు తీసి, అందరూ తలా కొంత వేసుకుని ప్రయోగశాలకు పంపాలి. రకం, ఆరబెట్టిన తీరు, వచ్చిన అంకెలు, యార్డులో పలికిన ధర ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. పది ఊళ్ల పుస్తకాలు పక్కపక్కన పెడితే ఎక్కువ రంగు ఉన్న కాయకు తక్కువ ధర ఎక్కడ పలికిందో బయటపడుతుంది. ‘కాయలో రంగు లేదు’ అన్న మాటకు జవాబుగా ఆ పుస్తకం తెరిచి చూపించాలి.

నూరు సంవత్సరాలకు పైగా కారానికి కొలత ఉంది. ఆ కొలత పండించినవాడి చేతికి ఇంకా రాలేదు. వచ్చే నెల గ్రామ శాఖల సమావేశాల్లో ఈ అంశాన్ని మొదటి చర్చగా పెట్టాలని, తీర్మానాలు చేసి మార్కెట్ కమిటీలకు అందజేయాలని సభ్యులందరినీ కోరుతున్నాం.